‘పోస్ట్‌పోన్’ తెలుసు, ‘పుట్ ఆఫ్’ తెలియదు: మన పిల్లలకు అందని చిన్న మాటల ఇంగ్లిష్

బెంగళూరులో ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చిన మదనపల్లె, పుంగనూరు పిల్లల్ని ఎలా జరిగిందని అడిగితే మాకు తరచుగా వినబడే జవాబు ఇది: ‘పదాలన్నీ తెలిసినవే అన్నా. కానీ ఏమడగతా ఉండారో అర్థం కాలే.’ భయపడి అలా అంటున్నారని చాలామంది అనుకుంటారు. నిజానికి అది చాలా కచ్చితమైన ఫిర్యాదు. ‘వాక్ అస్ త్రూ యువర్ ప్రాజెక్ట్’ అని అడిగారనుకుందాం. వాక్ అంటే నడవడం, త్రూ అంటే గుండా. ప్రైమరీ స్కూలు పిల్లకు కూడా తెలిసిన మాటలే. కానీ అక్కడ అడిగింది నడక సంగతి కాదు. ‘నీ ప్రాజెక్టు గురించి మొదట్నుంచి చివరిదాకా వరసగా చెప్పుకుంటూ రా’ అని. అదే ‘డిస్క్రైబ్ యువర్ ప్రాజెక్ట్’ అని అడిగి ఉంటే ఆ పిల్ల గడగడా చెప్పేసేది. కష్టమైన మాట వచ్చి, తేలికైన మాట రాకపోవడం! దీని వెనక ఉన్న కథ వ్యాకరణం కంటే పెద్దది.

ముందు వ్యాకరణం సంగతి చూద్దాం. ఇంగ్లిష్‌లో చిన్న క్రియ పక్కన ‘అప్’, ‘ఆఫ్’, ‘అవుట్’, ‘డౌన్’, ‘త్రూ’ లాంటి ముక్క ఒకటి చేరుతుంది. రెండూ కలిసి కొత్త అర్థం ఇస్తాయి. దాన్నే ఫ్రేజల్ వెర్బ్ అంటారు. గివ్ అంటే ఇవ్వడం. గివ్ అప్ అంటే వదిలేయడం, చేతులెత్తేయడం. లుక్ అంటే చూడటం. లుక్ ఇంటూ అంటే విచారించడం, లుక్ ఆఫ్టర్ అంటే బాగోగులు చూసుకోవడం, లుక్ డౌన్ ఆన్ అంటే చిన్నచూపు చూడటం. ఈ పేరు 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ రాసిన పుస్తకంతో వ్యాప్తిలోకి వచ్చింది. నిఘంటుకారుడు హెన్రీ బ్రాడ్లీ ఆయనకు ఆ పేరు సూచించారు. పేరుకు నూరేళ్ళే గానీ వాడుక అంతకు ఎన్నో వందల ఏళ్ళ ముందునుంచీ ఉంది.

రెండు అంతస్తుల భాష

1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక పాలకుల భాష ఫ్రెంచి అయింది. చర్చి, చదువుల భాష అప్పటికే లాటిన్. కోర్టు, కచేరీ, చదువుల్లోకి కొన్ని వందల ఏళ్ళ పాటు ఆ రెండు భాషల మాటలు వచ్చిపడ్డాయి. పోస్ట్‌పోన్, టాలరేట్, ఇన్వెస్టిగేట్, క్యాన్సిల్, రిజెక్ట్ అన్నీ ఆ దారిన వచ్చినవే. వంటింట్లో, పొలంలో, సంతలో మాట్లాడుకునేవాళ్ళు మాత్రం తమ పాత చిన్న క్రియలనే రకరకాలుగా అతికించుకుని పని నడుపుకున్నారు. పోస్ట్‌పోన్‌కి పుట్ ఆఫ్, టాలరేట్‌కి పుట్ అప్ విత్, ఇన్వెస్టిగేట్‌కి లుక్ ఇంటూ, క్యాన్సిల్‌కి కాల్ ఆఫ్, రిజెక్ట్‌కి టర్న్ డౌన్. ఇంగ్లిష్‌లో ఇప్పటికీ పై అంతస్తు, కింది అంతస్తు ఉన్నాయి. రాతలో పై అంతస్తు మాటలు ఎక్కువ, మాటల్లో కింది అంతస్తువి ఎక్కువ.

తెలుగువాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. నిష్క్రమించు, వెళ్ళిపో. సహించు, ఓర్చుకో. తిరస్కరించు, తోసిపుచ్చు. సంస్కృతం మాట ఒక మెట్టు పైన, దేశి మాట ఒక మెట్టు కింద. గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం చేసిన పోరాటం కూడా ఇలాంటి మెట్ల మీదే. అయితే ఒక తేడా ఉంది. తెలుగులో మనవాళ్ళు పుట్టింది కింది అంతస్తులో. మాలపల్లె, మాదిగపల్లె నోటి మాట మనకు వచ్చు, పుస్తకాల తెలుగే నేర్చుకోవాల్సి వచ్చింది. ఇంగ్లిష్ దగ్గరకొచ్చేసరికి మనల్ని నిచ్చెన వేసి నేరుగా పై అంతస్తులోకి ఎక్కించారు. కింది అంతస్తు ఎలా ఉంటుందో చూపించనే లేదు.

దానికి కారణం ఉంది. 1835లో మెకాలే రాతతో ఈ దేశంలో పాదుకున్న ఇంగ్లిష్ చదువు ప్రధానంగా కచేరీ చదువు. అర్జీ రాయడం, ఫైలు రాయడం, పరీక్షలో వ్యాసం రాయడం. ప్రభుత్వ బడిలో చదివిన ఎవరినైనా లీవ్ లెటర్ చెప్పమనండి. ‘ఆస్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్’ అని నిద్రలో కూడా చెబుతారు. జ్వరం వచ్చేలా ఉందని పక్క సీటు మనిషితో చెప్పాలంటే ‘ఐ యామ్ కమింగ్ డౌన్ విత్ సంథింగ్’ అనొచ్చని మాత్రం ఏ టీచరూ చెప్పరు. టీచర్ల తప్పూ లేదు. వాళ్ళు చదువుకున్నదీ అదే లీవ్ లెటర్.

ఇంట్లో ఇంగ్లిష్ ఉన్న పిల్లల సంగతి వేరు. వేక్ అప్, హరీ అప్, పుట్ దట్ అవే, టర్న్ ఆఫ్ ద టీవీ, సిట్ డౌన్, డోంట్ షో ఆఫ్. ఆ పిల్ల బడి గడప తొక్కకముందే వీటిలో ఉంటుంది. ఆమె వీటిని నేర్చుకున్నదని అనలేం, పాలతో పాటు తాగింది. అలాంటివాళ్ళను మన ఊళ్ళలో ‘పెట్టి పుట్టినోళ్ళు’ అంటారు. ఆస్తి, చుట్టరికం, పలుకుబడి లాగానే ఈ చిన్న మాటలు కూడా వారసత్వంగా వస్తాయి. మార్కుల జాబితాలో కనబడవు గానీ ఇంటర్వ్యూ గదిలో మొదటి రెండు నిమిషాల్లో బయటపడతాయి. ‘కమ్యూనికేషన్ స్కిల్స్ లేవు’ అని రాసి పంపేస్తారు.

మదనపల్లె ఇంగ్లిష్ ఎవరిది

ఇంగ్లిష్‌తో మదనపల్లెకు ఉన్న బంధం చిన్నదేమీ కాదు. అనీబెసెంట్ పేరుతో థియొసాఫికల్ కళాశాల ఇక్కడ 1915లో ఏర్పడింది. 1919 ఫిబ్రవరిలో ఠాగూర్ అక్కడ బస చేసినప్పుడే జనగణమనను ఇంగ్లిష్‌లోకి అనువదించారు. అప్పటి ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్, ఆయన భార్య మార్గరెట్ కజిన్స్ ఆ సందర్భంలో ఉన్నారు. 1895లో ఈ ఊళ్ళోనే పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి జీవితమంతా ఇంగ్లిష్‌లోనే ప్రసంగించారు. కొద్ది దూరంలోనే దేశమంతా పేరున్న రిషీ వ్యాలీ పాఠశాల ఉంది. ఊరు గర్వంగా చెప్పుకునే చరిత్ర ఇది.

ఈ చరిత్రలో చెప్పకుండా దాటేసే పేజీ ఒకటుంది. 1909లో ‘ఇండియన్ రివ్యూ’ పత్రికలో అనీబెసెంట్ అణగారిన కులాల ఉద్ధరణ గురించి ఒక వ్యాసం రాశారు. అంటరాని కులాల పిల్లలకు ముందు శుభ్రత నేర్పాలనీ, వాళ్ళను మిగతా పిల్లలతో ఒకే బడిలో కలిపి కూర్చోబెట్టడం తగదనీ ఆమె వాదన. ఇది మా సొంత ఆరోపణ కాదు. కాంగ్రెస్, గాంధీ అంటరానివారికి ఏం చేశారన్న ప్రశ్నతో అంబేడ్కర్ 1945లో తెచ్చిన పుస్తకంలో ఆ వ్యాసాన్ని దీర్ఘంగా ఎత్తి చూపారు. అదే థియొసాఫికల్ సమాజపు ఆల్కాట్ మద్రాసులో పంచముల పిల్లల కోసం బడులు పెట్టారన్నది కూడా నిజమే. కానీ అవి విడి బడులు. కలిసి కూర్చోకపోతే, కలిసి ఆడుకోకపోతే పుస్తకంలోని ఇంగ్లిష్ వస్తుందేమో గానీ పక్క పిల్ల నోట్లోని ఇంగ్లిష్ రాదు. చిన్న క్రియలు అంటుకునేది పక్కవాళ్ళ నుంచే.

తర్వాతి కథ మన కళ్ళముందు జరిగిందే. 2019 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 81తో ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం ప్రకటించింది. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తర్వాత ప్రభుత్వం తల్లిదండ్రుల అభిప్రాయం సేకరించి, 96 శాతానికి పైగా ఇంగ్లిష్ మీడియమే కోరారని చెప్పింది. కంచ ఐలయ్య షెపర్డ్ లాంటివాళ్ళు ఎన్నో ఏళ్ళుగా వాదిస్తున్నదీ అదే. మా పక్షం ఏమిటో దాచుకోవడం లేదు. తమ పిల్లల్ని కాన్వెంటుకు పంపుతూ మన పిల్లలకు మాతృభాష గొప్పదనం బోధించేవాళ్ళ మాట మేం పెద్దగా పట్టించుకోం. కానీ మీడియం మారినంత మాత్రాన కింది అంతస్తు తలుపు తెరుచుకోదు. సైన్సు పాఠం ఇంగ్లిష్‌లో చదివితే ఎవాపరేషన్ వస్తుంది. ‘ద వాటర్ హాజ్ డ్రైడ్ అప్’ రాదు.

మన నోట్లోనే ఉన్న తాళం చెవి

ఫ్రేజల్ వెర్బ్స్ నేర్పే పుస్తకాలు సాధారణంగా ఒక క్రియ పట్టుకుని బారెడు జాబితా ఇస్తాయి. గెట్ అప్, గెట్ ఆన్, గెట్ ఆఫ్, గెట్ ఓవర్, గెట్ బై, గెట్ అలాంగ్... పదోదానికొచ్చేసరికి మొదటిది మరిచిపోతాం. ఇదంతా అర్థంపర్థం లేని ఇంగ్లిష్ పిచ్చి అనిపిస్తుంది. కానీ తెలుగు కూడా అచ్చం ఇలాంటి పనే చేస్తుందని ఎవరూ చెప్పరు.

తిను, తినేయ్. రెండింటికీ తేడా ఏమిటి? ‘తినేయ్’ అంటే మిగల్చకుండా పూర్తిచెయ్. ఇంగ్లిష్‌లో ఈట్ అప్. తాగేయ్ అంటే డ్రింక్ అప్. ‘వేయు’ అనే క్రియకు విసరడమనే అర్థం పోయి, పని పూర్తవడమనే అర్థం మిగిలింది. ‘అప్’కు కూడా ఇక్కడ పైకి అనే అర్థం పోయి, పూర్తిగా అనే అర్థం మిగిలింది. వెళ్ళు, వెళ్ళిపో: గో, గో అవే. రాయి, రాసుకో: రైట్, రైట్ డౌన్. పనిచెయ్యి, పనిచేసుకుంటూ పో: క్యారీ ఆన్. పొలం రాసిచ్చేశాడు: సైన్డ్ అవే. డి.కె.టి. పట్టాల కథలు విన్నవాళ్ళకు ఈ చివరి మాటకు వేరే ఉదాహరణ అక్కర్లేదు.

విడిముక్కల అర్థం నుంచి మొత్తం అర్థం ఊహించలేకపోవడం కూడా మనకు అలవాటే. ‘వాడు ఆమె మీద చేయి చేసుకున్నాడు’ అనే మాటలో కొట్టడం అనే అర్థం ఎక్కడుంది? చేయి, చేసుకోవడం. తెలుగు నేర్చుకుంటున్న పరదేశి ఈ వాక్యం దగ్గర ఎంత తికమక పడతాడో ‘పుట్ అప్ విత్’ దగ్గర మనం అంతే తికమక పడతాం. మాట ఇవ్వడం, మాట తప్పడం, మాట పడటం: ఇంగ్లిష్ విద్యార్థికి ఇవన్నీ పెద్ద జాబితా. మన ఆరేళ్ళ పిల్లకు మాత్రం ఇంటి మాటలు.

కుప్పంలో ఇది మరీ బాగా తెలుస్తుంది. ఒకవైపు తమిళనాడు, ఒకవైపు కర్ణాటక. సంతలో ఒకే మనిషి మూడు భాషలు మాట్లాడతాడు. తెలుగులో తినేయ్, కన్నడలో తిందుబిడు, తమిళంలో సాప్పిట్టు విడు. మూడింటిలోనూ అసలు క్రియకు ఇంకో చిన్న క్రియ తోకలా తగులుకుంది. తెలుగు వేయు చేసే పనినే కన్నడ బిడు, తమిళ విడు చేస్తున్నాయి. ద్రావిడ భాషల అధ్యయనం కోసం 1997లో విశ్వవిద్యాలయం పెట్టింది ఈ ఊళ్ళోనే. మూడు భాషల తోకలు తెలిసిన కుప్పం కూలీకి నాలుగో భాష తోకలు పట్టుకోవడం కష్టమని ఎవరైనా అంటే మేం నమ్మం. అతనికి చెప్పినవాళ్ళు లేరు, అంతే.

చెవి సంగతి కూడా ఇంతే. ‘పిక్ ఇట్ అప్’ అని ఎవరూ విడివిడిగా అనరు. ‘పికిటప్’ అంటారు. ‘పుట్ ఇట్ ఆఫ్’ అనేది ‘పుటిటాఫ్’ అవుతుంది. పుస్తకంలో మూడు మాటలుగా చూసినవాళ్ళకు చెవిలో అది గుర్తు తెలియని ఒకే మాట. కానీ మనం ‘మేము ఉన్నాము’ అని విడదీసి అంటున్నామా? మేమున్నాం. వాడిక్కడున్నాడు. బడిలో సంధులు బట్టీ పట్టించారు గానీ, ఇంగ్లిష్ వాడి నోట్లో కూడా సంధి జరుగుతుందని చెప్పి ఉంటే సగం భయం పోయేది. ఇంకో చిట్కా: క్రియగా పలికేటప్పుడు గట్టిగా నొక్కేది సాధారణంగా రెండో ముక్కనే. డ్రాప్ ‘అవుట్’. అదే నామవాచకం అయితే మొదటి ముక్కను నొక్కుతారు. ‘డ్రాప్’అవుట్.

పట్టించుకోవాల్సిన వ్యాకరణ నియమం నిజానికి ఒక్కటే. క్రియను, ముక్కను విడదీయగలిగినప్పుడు ఇట్, దెమ్, హిమ్, హర్ లాంటి మాటలు మధ్యలో కూర్చుంటాయి. కాల్ ఇట్ ఆఫ్ అనాలి, కాల్ ఆఫ్ ఇట్ అనకూడదు. విడదీయలేనివి కూడా ఉన్నాయి: లుక్ ఆఫ్టర్ హర్, లుక్ ఇంటూ ఇట్. ఏది ఏ రకమో వాడుకలోనే తెలుస్తుంది. ఇది తప్పుపోయినా అవతలివాళ్ళకు అర్థమవుతుంది, కాబట్టి దీని కోసం నోరు మూసుకుని కూర్చోవద్దు.

మన దేశంలో పుట్టి పెరిగిన వాడుకలు కొన్ని ఉన్నాయి. ‘ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2021’ అంటే ఇక్కడ డిగ్రీ పూర్తయిందని. అమెరికాలో వింటే స్పృహ తప్పిందనుకుంటారు. ‘కోప్ అప్ విత్’ అని దేశమంతా అంటారు, బయట కోప్ విత్ చాలు. కలెక్టరేట్‌లో ‘ఫైలు పుట్ అప్ చేయండి’ అంటే పై అధికారి ముందు పెట్టమని. బెంగళూరులో ‘వేర్ ఆర్ యూ పుట్ అప్?’ అంటే ఎక్కడ ఉంటున్నావని. వీటిని తప్పులని నవ్వేవాళ్ళతో మేం ఏకీభవించం. కోట్లమంది వాడే మాట ఆ దేశంలో చెల్లుతుంది. విదేశీ ఫోన్ కాల్ అయితే మార్చుకుంటే సరి. అన్నట్టు, ‘వేర్ ఆర్ యూ పుట్ అప్’ తర్వాత నేటివ్ ప్లేస్ అడుగుతారు, ఆ తర్వాత ఇంటిపేరు అడుగుతారు. ఆ మెట్లు ఎక్కడికి దిగుతాయో చదువరులకు తెలుసు.

మండీ నుంచి లాహోర్ దాకా

జాబితా పక్కన పెట్టి, తెలిసిన కథను ఈ మాటలతో చెప్పడం అలవాటు చేసుకోవాలి. వారానికి ఐదు మాటలు చాలు. మదనపల్లె టమాటా మండీ కథ చూడండి. 2023 జూలైలో కిలో ధర వంద దాటిపోయింది: ప్రైసెస్ షాట్ అప్. ధర దిగివచ్చింది: ప్రైసెస్ కేమ్ డౌన్. లారీ దారిలో చిక్కుకుపోయింది: ద లారీ వాజ్ హెల్డ్ అప్. గిట్టుబాటు కాక రోడ్డు మీద పారబోశారు: దే త్రూ దెమ్ అవే. బుట్టలు మోసే అమ్మ, కోత కూలి చేసే నాన్న ఉన్న పిల్లకు ఈ కథ ఎవరూ చెప్పనక్కర్లేదు. మాటలు మాత్రం కొత్తవి, అవి కూడా నాలుగే. చెన్నై-బెంగళూరు రైలు మార్గంలో కుప్పం నుంచి రోజూ పనికి వెళ్ళేవాళ్ళు ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఒకరికొకరు చెప్పుకుంటే రానూపోనూ రెండు పాఠాలు అవుతాయి. ఫోన్లో తమ గొంతు తామే రికార్డు చేసుకుని వినడం ఇంకా మంచిది. బీబీసీ లెర్నింగ్ ఇంగ్లిష్ పాఠాలు ఉచితంగానే దొరుకుతాయి.

విద్యార్థులతో కూర్చున్నప్పుడు మేం ఎక్కువగా వాడేది ఇంకో కథ. లాహోర్‌లోని జాత్-పాత్ తోడక్ మండల్ 1936లో జరగాల్సిన తన వార్షిక సభకు అధ్యక్షత వహించమని అంబేడ్కర్‌ను పిలిచింది. ప్రసంగం ముందే రాసి పంపాక నిర్వాహకులకు గుబులు పుట్టింది. శాస్త్రాల మీద విమర్శ తగ్గించమన్నారు: టోన్ డౌన్. కొన్ని భాగాలు తీసేయమన్నారు: లీవ్ అవుట్. ఆయన లొంగలేదు: హి డిడ్ నాట్ గివ్ ఇన్. రాసిన మాటకు కట్టుబడ్డారు: హి స్టుడ్ బై ఇట్. సభ ముందు వాయిదా పడింది: పుట్ ఆఫ్. చివరికి ఆయన అధ్యక్షతన జరగనే లేదు: కాల్డ్ ఆఫ్. ఆయన ఆ ప్రసంగాన్ని తానే అచ్చు వేయించారు: హి బ్రాట్ ఇట్ అవుట్ హిమ్‌సెల్ఫ్. మొదట వేసిన 1500 కాపీలు రెండు నెలల్లో అయిపోయాయి: సోల్డ్ అవుట్. ‘కుల నిర్మూలన’ పుట్టుక కథలో ఎనిమిది ఫ్రేజల్ వెర్బ్స్ ఉన్నాయి. ఈ కథ ఇలా ఒకసారి చెప్పిన విద్యార్థి పుట్ ఆఫ్, కాల్ ఆఫ్ మధ్య తేడా మళ్ళీ అడగడు.

అదే సందర్భంలో అంబేడ్కర్ రాసిన ఉత్తరాలు, ప్రసంగం చదివితే అది పై అంతస్తు ఇంగ్లిష్ అని తెలుస్తుంది. పొడవైన వాక్యాలు, న్యాయశాస్త్రపు కచ్చితత్వం. ఆయన 1913లో కొలంబియాకు వెళ్ళారు, తర్వాత లండన్‌లో చదివారు, అక్కడి మనుషుల మధ్య ఏళ్ళు గడిపారు. రెండు అంతస్తుల్లోనూ తిరిగిన మనిషి. మనకు కావలసింది కూడా ఆ రెండో తాళం చెవే. పై అంతస్తు ఖాళీ చేసి రమ్మని మేం ఎవరికీ చెప్పడం లేదు.

కులం పేరెత్తకుండా కులం

ఈ చిన్న మాటల్లో మన జీవితానికి మరీ దగ్గరగా ఉండే గుంపు ఒకటుంది. పుట్ డౌన్ అంటే నలుగురిలో తీసిపారేయడం. పిక్ ఆన్ అంటే ఒకరినే పట్టుకుని వేధించడం. పాస్ ఓవర్ అంటే అర్హత ఉన్నా దాటేసి ఇంకొకరికి ఇవ్వడం. టర్న్ అవే అంటే గుమ్మంలోంచే పంపేయడం, అద్దె ఇళ్ళ దగ్గర జరిగేది. బ్రష్ ఆఫ్ అంటే ఫిర్యాదును ఈగను తోలినట్టు తోలేయడం. ‘హి డజంట్ ఫిట్ ఇన్’ అంటే మాలో కలవడం లేదని. కులం అనే మాట ఒక్కటి కూడా వాడకుండా కులం చేసే పనులన్నీ ఈ మాటలతో చెప్పేయొచ్చు. ‘వి విల్ గెట్ బ్యాక్ టు యూ’ కూడా ఈ కోవలోదే, మన ఊరి ‘చెప్పి పంపిస్తాంలే’ అన్నమాట.

ఢిల్లీ ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ విద్యార్థుల పరిస్థితి మీద థోరట్ కమిటీ 2007లో నివేదిక ఇచ్చింది. హాస్టల్లో వేధింపులు భరించలేక విద్యార్థులు తమవాళ్ళుండే చోటికి మారిపోవాల్సి రావడం అందులో ఉంది. వెలి అనే మాట ఎవరూ పైకి అనకుండానే జరిగిన వెలి అది. ఇలాంటివి ఎదురైనప్పుడు చెప్పుకునే చోట్లు ఉండాలని 2012లో యూజీసీ నిబంధనలు తెచ్చింది. చెప్పుకోవడానికి మాట కావాలి. ‘హి అబ్యూజ్డ్ మీ’ అనే ఒక్క పెద్ద మాటలో అన్నీ కుక్కేస్తే, రోజూ జరిగే సన్నటి అవమానం జారిపోతుంది. ‘దే పిక్ ఆన్ మీ ఇన్ ద ల్యాబ్, దే లీవ్ మీ అవుట్ ఆఫ్ ద గ్రూప్, వెన్ ఐ బ్రింగ్ ఇట్ అప్ దే బ్రష్ ఇట్ ఆఫ్’ అంటే ఏం జరుగుతోందో అవతలివాళ్ళకు బొమ్మ కడుతుంది.

కార్యకర్తలకు కేసుల దగ్గర కూడా ఇవే మాటలు ఎదురవుతాయి. ఆశ్చర్యమేమిటంటే వీటికి తెలుగు జోడీలు మన నోట్లో సిద్ధంగా ఉన్నాయి. కేసు కొట్టేశారు: థ్రోన్ అవుట్. కప్పిపుచ్చారు: కవర్డ్ అప్. తొక్కిపెట్టారు: హష్డ్ అప్. సాక్షి వెనక్కి తగ్గాడు: బ్యాక్డ్ అవుట్. ఏం చేసినా తప్పించుకుపోయారు: గాట్ అవే విత్ ఇట్. చట్టాన్ని నీరుగార్చారు: వాటర్డ్ డౌన్. చివరిదైతే నీళ్ళతో సహా ఒకటే మాట. 2018 మార్చి 20న సుభాష్ కాశీనాథ్ మహాజన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పుడు తెలుగు బ్యానర్ల మీద నీరుగార్చడం, ఇంగ్లిష్ శీర్షికల్లో వాటర్ డౌన్ కనిపించాయి. ఏప్రిల్ 2న భారత్ బంద్ జరిగింది, ఆగస్టులో పార్లమెంటు 18ఏ సెక్షన్ చేర్చింది, దాన్ని 2020 ఫిబ్రవరి 10న సుప్రీంకోర్టు సమర్థించింది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. అట్రాసిటీ కేసులో రాతపూర్వక ఫిర్యాదు ఇంగ్లిష్‌లో ఇవ్వాల్సి వస్తే ఈ చిన్న మాటలు వాడొద్దు. 1989 చట్టంలో, 2015 సవరణ తర్వాత, 3(1)(ఆర్) సెక్షన్‌కు తనవైన మాటలున్నాయి. ఉద్దేశపూర్వకంగా అవమానించడం లేదా బెదిరించడం, కించపరిచే ఉద్దేశం, పదిమందికి కనబడే చోటు. ‘ఇన్సల్ట్’, ‘ఇంటిమిడేట్’, ‘హ్యుమిలియేట్’, ‘పబ్లిక్ వ్యూ’ అనే ఆ మాటలే ఫిర్యాదులో పడాలి. వాటితో పాటు ఎక్కడ, ఎవరి ముందు, ఏ మాట అన్నారో రాయాలి. ‘హి పుట్ మీ డౌన్’ అని రాస్తే అవతలి లాయరు దాన్ని మామూలు మాటామాటా గొడవగా తేల్చేస్తాడు. రాతకు పై అంతస్తు ఉండాల్సిందే.

ఆ సాయంత్రమే ఢిల్లీ నుంచి విలేకరి ఒకరు ఫోన్ చేసి, పోలీసులు ఏమంటున్నారని అడుగుతారు. అప్పుడు ఎవరూ సెక్షన్ భాషలో మాట్లాడరు. ‘దే వోంట్ టేక్ డౌన్ ది కంప్లెయింట్. దే కీప్ పుటింగ్ అస్ ఆఫ్. దే ఆర్ ట్రయింగ్ టు హష్ ఇట్ అప్, బట్ వి ఆర్ నాట్ బ్యాకింగ్ అవుట్.’ ఫిర్యాదు రాసుకోవడం లేదు, రేపు మాపు అంటున్నారు, తొక్కిపెట్టాలని చూస్తున్నారు, మేం వెనక్కి తగ్గడం లేదు. ఈ నాలుగు వాక్యాలు గట్టిగా పదిసార్లు చెప్పి చూడండి. హష్‌కీ అప్‌కీ మధ్య ఇట్ కూర్చుంది, పుటింగ్‌కీ ఆఫ్‌కీ మధ్య అస్ కూర్చుంది.